‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: మంత్రుల లిఖితపూర్వక సమాధానాలను గంగారం నుంచి చదివితే

ప్రబంధాల్లో మాల మాదిగలు ఎక్కడున్నారని దళిత విమర్శ అడిగింది. అభ్యుదయ నవలల్లో పాలేరు కులం ఎందుకు మాయమైందని అడిగింది. విప్లవ కథల్లో నాయకుడు ఎప్పుడూ బయటి నుంచే ఎందుకొస్తాడని నిలదీసింది. అవసరమైన పనే చేసింది. కానీ మన గురించి ఈ దేశంలో అందరికంటే ఎక్కువ రాసే రచయిత ఒకడున్నాడు. వాడి రచనల మీద మనం ఇంతవరకు సరైన విమర్శ పెట్టుకోలేదు. ఆ రచయిత ప్రభుత్వం. పార్లమెంటు నడిచే రోజుల్లో మంత్రులు సభ ముందు పెట్టే లిఖితపూర్వక సమాధానాలు రోజుకు వందల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, అట్రాసిటీ కేసులు, మురుగు గుంతల్లో చావులు, పోడు భూములు, సబ్‌ప్లాన్ నిధులు, ఇట్లా మన బతుకులో ఏ మూలకు పోయినా దాని మీద ఎప్పుడో ఒక సమాధానం వచ్చే ఉంటది. విలేకరులు వాటిని వార్త కోసం చదువుతారు, ఆర్థికవేత్తలు అంకెల కోసం చదువుతారు. మేము వాటిని ఒక వచన ప్రక్రియగా చదవాలంటున్నాం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, వాక్యంలో కర్త ఎక్కడ తప్పించుకుంటున్నాడు అని చూడాలంటున్నాం.

మేము చదివే చోటు గంగారం. మహబూబాబాద్ జిల్లాలో ఏజెన్సీ మండలం అది. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా కొత్తగూడ మండలంలో కలిసి ఉండేది. కోయల ఊళ్లు, లంబాడా తండాలు, అక్కడక్కడ దళితుల ఇండ్లు. ఢిల్లీలో బల్ల మీద పెట్టిన కాగితం ఇక్కడికి వచ్చేసరికి అందులో ఏం మిగులుతదన్నది మేము పట్టుకున్న సంగతి.

ముందు ఈ ప్రక్రియ నియమాలు చూడాలి. లోక్‌సభలో ఒక రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు తీసుకుంటారు. రాజ్యసభలో 15, 160. నక్షత్రం ఉన్నదానికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు నిలబడాలి. నక్షత్రం లేనిదానికి ఆ బాధ లేదు. కాగితం సభ ముందు పెట్టంగనే మాట అయిపోయినట్టే. అడిగే సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు. నోటీసులు ఎక్కువ కాబట్టి ఏది ముందుకు రావాలో చీటీలు తీసి తేలుస్తారు. దళితుల మీద అడిగిన ప్రశ్నల్లో అత్యధికం ఈ నక్షత్రం లేని గుంపులోనే పడతాయి. కాబట్టి మన మీద రాజ్యం రాసేదంతా దాదాపు ఎదురు ప్రశ్న లేని రాత. ఒకసారి చెప్పి పోవుడే.

అయినా ఈ అడిగే హక్కు ఊరికే రాలేదు. 1892 చట్టంతో శాసన మండళ్లలో ప్రశ్న అడగనిచ్చారు, అనుబంధ ప్రశ్న అడగనివ్వలేదు. 1909లో అడిగిన వాడొక్కడికే అనుబంధ ప్రశ్న హక్కు ఇచ్చారు. మనోళ్లు ఆ సభల్లోకి అడుగుపెట్టిన కాలంలో ఏం చేశారో గుర్తు చేసుకోవాలి. 1922లో మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా తీర్మానంతో సర్కారు కాగితాల్లో పంచమ, పరయ అన్న మాటలు పోయి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న మాటలు వచ్చాయి. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ అదే మండలిలో బాటలు, బావులు అందరివీ అన్న తీర్మానం గెలిపించారు. బొంబాయిలో 1923 నాటి బోలే తీర్మానం నాలుగేండ్లు కాగితం మీదే ఉంటే, 1927లో అంబేడ్కర్ దాన్ని పట్టుకొని జనంతో మహద్ చెరువు దగ్గరికి నడిచారు. నిజాం రాజ్యంలో ఉన్న మన ఊళ్లకు ఆ కాలంలో ఇట్లాంటి సభ లేదు. ఓటేసి పంపిన మనిషి మంత్రిని అడిగే సంగతి ఇక్కడ 1952 తర్వాతి ముచ్చట. అందుకే అడుగుడన్నది మాకు చిన్న విషయం కాదు. జవాబు ఎట్లా రాస్తున్నారన్నది అంతకన్నా చిన్న విషయం కాదు.

మన శాసనసభ సమాధానాల తెలుగు చూడండి. అ) అవునండి. ఆ) లేదండి. ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు. తరతరాలుగా ఇదే మూస. ఇక్కడ ‘అండి’ ఎవరికి? సభ్యుడికి. ఎవరి గురించి అడిగారో ఆ మనిషి తహసిల్ ఆఫీసు మెట్లకాడ నిలబడితే ఇదే రాజ్యం ‘ఏందిరా’ అంటది. మర్యాద పైకి పోతది, కిందికి రాదు. ఇక ‘ఉత్పన్నం కాదు’ అన్న మాట. ఢిల్లీ సమాధానాల్లోనూ దానిదే రాజ్యం. మొదటి భాగానికి ‘లేదు’ అని రాస్తే చాలు, మిగతా నాలుగు భాగాలు వాటంతట అవే చచ్చిపోతాయి. ఇది తర్కంలా కనిపిస్తది. నిజానికి ఇది అధికారం. ఒక ప్రశ్న పుట్టిందా లేదా అని తేల్చేది దాని జవాబుదారే అయినప్పుడు అది తర్కమెట్లా అవుతుంది?

2020 సెప్టెంబర్‌లో కరోనా పేరు మీద ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు, లిఖితపూర్వక సమాధానాలు మాత్రం మిగిల్చారు. సెప్టెంబర్ 14న లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికుల మీద అడిగితే, అట్లాంటి వివరాలు నిర్వహించడం లేదని సంతోష్ గంగ్వార్ నడిపే కార్మిక శాఖ రాసింది. లెక్క లేదు కనుక నష్టపరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదంది. అదే శాఖ, సొంతూళ్లకు తిరిగిపోయిన వాళ్లు కోటీ 4 లక్షలకు పైగా అని రాష్ట్రాలవారీగా పట్టిక ఇచ్చింది. ఇల్లు చేరినవాణ్ణి లెక్కపెట్టొచ్చు, తొవ్వలో పడిపోయినవాణ్ణి లెక్కపెట్టరాదన్న మాట. నడిచినవాళ్లలో ఏ కులాల వాళ్లు ఎక్కువ అని అడిగే దాకా ఎవరు పోతారు?

2021 జులై ఈ ప్రక్రియ పరాకాష్ఠ అని మేమంటాం. 20వ తేదీన రాజ్యసభలో ఆరోగ్య శాఖ సహాయమంత్రి భారతి పవార్, ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని చెప్పారు. ఎనిమిది రోజులకే, 28న, సామాజిక న్యాయ శాఖ సహాయమంత్రి రాందాస్ అథవాలే అదే సభలో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చావులేవీ నమోదు కాలేదని రాసిచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయనే, మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు కడుగుతూ ఐదేండ్లలో 340 మంది చనిపోయారని లోక్‌సభకు చెప్పి ఉన్నారు. చాలామంది దీన్ని అబద్ధం అన్నారు. మేము అట్లా అనడం లేదు. అబద్ధమైతే పట్టుకోవడం సులువు. ఇది అంతకంటే ముదురు. రెండు సమాధానాలూ చట్టం మాటలకు సరిపోతాయి.

ఎట్లాగంటే, 2013 చట్టంలో ‘మాన్యువల్ స్కావెంజర్’ ఒక నిర్వచనం, మురుగు కాల్వ, సెప్టిక్ ట్యాంకు ‘ప్రమాదకర శుభ్రత’ ఇంకో నిర్వచనం. పాయిఖానా ఎత్తే పని మొదటిది, గుంతలోకి దిగే పని రెండోది. పైగా సర్కారు చెప్పిన పరికరాలు, రక్షణ సామగ్రి వాడితే ఆ మనిషిని మాన్యువల్ స్కావెంజర్‌గా భావించరాదని ఒక వివరణ కూడా తగిలించారు. గుంతలో ఊపిరాడక చచ్చినవాడు రెండో అరలో పడ్డాడు కాబట్టి మొదటి అరలో సున్నా. మనిషి ఒక్కడే, పీతి ఒక్కటే, కులం ఒక్కటే, నిర్వచనాలు మాత్రం రెండు. కావాలని రెండు చేశారని మేమనం. కానీ రెండుగా ఉండడం ఎవరికి పనికొచ్చిందో 2021లో తేలిపోయింది.

ఆ చట్టం వచ్చినప్పుడు ఆ శాఖలో సహాయమంత్రిగా ఉన్నది ఎవరో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తుండాలి. మహబూబాబాద్ ఎంపీ పోరిక బలరాం నాయక్. 2012 అక్టోబర్ నుంచి 2014 మే దాకా. గంగారం ఆ నియోజకవర్గంలోనిదే. అంటే మన ఓటుతో గెలిచిన మనిషి పేరు మీద కూడా ఈ రకం సమాధానాలు పోయినయి. ఇంకో సంగతి. అథవాలే దళిత పాంథర్ల వారసత్వం చెప్పుకునే నాయకుడు. భారతి పవార్ గెలిచింది ఎస్టీ రిజర్వుడు స్థానం నుంచి. ‘చావులు లేవు’ అనే వాక్యం కింద సంతకం ఎవరితో పెట్టిస్తారో గమనించాలి. సమాధానం రాసేది ఆఫీసులో సెక్షన్ వాళ్లు, దిద్దేది పై అధికారులు, పేరు మాత్రం మనోళ్లది. సామాజిక న్యాయం, గిరిజన సంక్షేమం లాంటి శాఖల్లో మన ప్రాతినిధ్యం చాలాసార్లు ఈ పనికే వస్తున్నది. మంత్రుల్ని వ్యక్తులుగా తిట్టి లాభం లేదు. మన ప్రాతినిధ్యాన్ని ఎక్కడ కూచోబెడుతున్నారన్నదే అసలు సంగతి.

బెజవాడ విల్సన్ 2021 సమాధానాన్ని వెంటనే ఖండించారు. ఆయన కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగు దళితుడు. ఆ గనుల బస్తీల్లో పాయిఖానాలు ఎత్తిన కుటుంబం. మనవాళ్లు పొరుగు రాష్ట్రానికి బతకపోయినా కులం చేయించే పని వెంటే పోయింది. చావుల లెక్క సర్కారు చెప్పకముందే పేర్లతో సహా కూడబెట్టింది ఆయన నడిపే సఫాయి కర్మచారీ ఆందోళన్. ఆ సంస్థ కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి గుంతల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమన్నది. 2023 అక్టోబర్‌లో ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. చావే లేదన్న సమాధానానికి, చావుకు వెల కట్టిన తీర్పుకు మధ్య ఎంత దూరం!

అడిగే తీరు మారితే సమాధానం నోరు విప్పుతది. 2021 డిసెంబర్‌లో రాజ్యసభ సభ్యుడు మనోజ్ ఝా, గుర్తించిన మాన్యువల్ స్కావెంజర్లలో ఎవరే కులమో చెప్పమన్నారు. అథవాలే శాఖ నుంచే జవాబొచ్చింది. కులం వివరాలున్న 43,797 మందిలో 42,594 మంది ఎస్సీలు. ఎస్టీలు 421, ఓబీసీలు 431, ఇతరులు 351. నూటికి 97 మంది మనోళ్లే. ఇదే ప్రశ్నను ‘పారిశుద్ధ్య కార్మికుల సంక్షేమానికి తీసుకున్న చర్యలేమిటి’ అని అడిగి ఉంటే పథకాల పేర్లు, మంజూరైన కోట్లు వచ్చేవి. కులం అన్న మాట వచ్చేది కాదు. మన ఎంపీల ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. ‘చర్యలేమిటి’ అని అడిగితే చర్యల పట్టికే వస్తది మరి.

అంకెలు నిజం చెప్పినా పక్కన ఉన్న వాక్యం దాన్ని ఎట్లా పూడ్చేస్తదో చూడాలంటే 2023 డిసెంబర్ 4 నాటి విద్యాశాఖ సమాధానం చదవాలి. బీఎస్పీ ఎంపీ రితేశ్ పాండే అడిగారు. ఐదేండ్లలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి చదువు మానుకున్న ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. కేంద్ర విశ్వవిద్యాలయాల నుంచే ఎస్సీలు 2,424, ఎస్టీలు 2,622, ఓబీసీలు 4,596. మరి కారణం? విద్యార్థులకు అనేక అవకాశాలుంటాయి, వాళ్లే ఎంచుకొని ఒక సంస్థ నుంచి ఇంకోదానికి, ఒక కోర్సు నుంచి ఇంకోదానికి మారుతుంటారని ఆ సమాధానం సారాంశం. చదువు మానుకోవడం అనే క్రియను మారడం అనే క్రియ మింగేసింది. వెళ్లగొట్టినవాడు లేడు, వెళ్లిపోయినవాడే ఉన్నాడు, అదీ సంతోషంగా! 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయిన తర్వాత కూడా ఈ వాక్యం రాయగలిగారు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లం ఈ ‘అవకాశాల’ను ఎరుగుదుం. ఫీజు బకాయి కింద సర్టిఫికెట్లు కాలేజీ అల్మరాలో బందీ అయిన పిల్లకు ఇంకో కోర్సుకు మారే అవకాశం ఎక్కడిది?

ఇక గంగారం సంగతి. ఈ సమాధానాల్లో గంగారం ఉండదు. పట్టిక చాలాసార్లు రాష్ట్రం దగ్గరే ఆగిపోతది. ఎప్పుడన్నా జిల్లా దాకా దిగుతది. దిగినా 2016 దాకా మనం వరంగల్ వరుసలో, ఆ తర్వాత మహబూబాబాద్ వరుసలో. పదేండ్ల లెక్క పక్కపక్కన పెట్టి చూద్దామంటే వరుస మధ్యలో తెగి ఉంటది. జిల్లాలు చిన్నవైతే పాలన దగ్గరికొస్తదన్నారు. ఆఫీసు దగ్గరికొచ్చి ఉండొచ్చు గానీ లెక్క మాత్రం చెదిరిపోయింది.

బయ్యారం ఉక్కు మన జిల్లా ముచ్చటే. 2014 విభజన చట్టం రాసినప్పుడు అది ఖమ్మం జిల్లా. ఆరు నెలల్లో సెయిల్ సంస్థ ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు ‘పరిశీలించాలి’ అని చట్టంలో ఉంది. పరిశీలించింది, లాభం లేదన్నది, తర్వాత టాస్క్‌ఫోర్స్ వేశారు. ఏండ్ల తరబడి వచ్చిన సమాధానాలన్నీ ఆ ఒక్క క్రియ మీద నిలబడి ఉన్నాయి. పెట్టాలి అని రాయలేదు కదా, పరిశీలించాలి అనే రాశారు కదా! గిరిజన విశ్వవిద్యాలయం కూడా అదే చట్టంలోది. ఆంధ్రకు 2019లో చట్టం చేశారు. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద పెట్టేదానికి 2023 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్య కాలంలో ఇంటర్ అయిపోయిన కోయ, లంబాడా పిల్లలు ఏ సమాధానంలో చదువుకున్నారో ఎవరూ రాయలేదు.

కానీ మేము అన్నింటికన్నా ఎక్కువ ఆగాల్సింది అటవీ హక్కుల పట్టిక దగ్గర. 2006 చట్టం కింద వచ్చిన దరఖాస్తులెన్ని, ఇచ్చిన పట్టాలెన్ని, తిరస్కరించినవెన్ని, ఎకరాలెన్ని అని గిరిజన వ్యవహారాల శాఖ సమావేశం సమావేశానికి పట్టిక పెడుతది. నిలువు గళ్లు రెండు రకాలు, వ్యక్తిగతం, సామూహికం. చట్టం మాత్రం మనుషుల్ని వేరే తీరుగా విడదీసింది. షెడ్యూల్డ్ తెగలు ఒక పక్క, ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ ఇంకో పక్క. ఆ రెండో పక్కనున్నవాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. ఏజెన్సీలో తాతల కాలం నుంచి ఉన్న మాల మాదిగలు ఈ రెండో పక్కనే పడతారు. మేము చూసిన పట్టికల్లో ఆ విభజన గడి లేదు. కాబట్టి ఏజెన్సీ దళితుడి దరఖాస్తు తిరస్కరించినా తిరస్కరణల మొత్తంలో కలిసిపోతది, అసలు తీసుకోకపోతే ఎక్కడా కనబడదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం పోడు పట్టాలు పంచింది. లక్షా 51 వేల మంది గిరిజనులకు 4 లక్షల 6 వేల ఎకరాలు. మంచిదే. గిరిజనేతరుల సంగతి తర్వాత అన్నారు.

ఇది కోయల హక్కుకు అడ్డం పడే మాట కాదు. 1/70 చట్టాన్ని సడలించడానికి దళితుల పేరు వాడుకోవాలని చూసే భూస్వాముల ఎత్తులు మాకు తెలుసు. వాళ్లకు మా గొంతు అరువియ్యం. మేము అడిగేది భూమి కంటే ముందు గడి. పట్టికలో గడి లేని మనిషి మీద ఏ సభలోనూ ప్రశ్న ఉత్పన్నం కాదు కదా.

కొందరు మిత్రులు, ఇదంతా బూటకపు పార్లమెంటు నాటకం, దాని కాగితాలతో మీకేం పని అంటారు. ఈ అడవుల్లో ఆ మాట చాలాకాలం గట్టిగా వినబడ్డది. ఆ తొవ్వ నడిచి వచ్చిన సీతక్క గంగారం ఉన్న ములుగు నియోజకవర్గం ఎమ్మెల్యే అయ్యారు, గుత్తికోయల మీద పరిశోధన చేసి 2022లో డాక్టరేట్ తీసుకున్నారు, 2023 డిసెంబర్‌లో మంత్రి అయి శాసనసభలో సమాధానాలు చెప్పే వైపు కూచున్నారు. బూటకమని తోసేస్తే తేలే పని కాదని ఆమె నడక చూసినా తెలుస్తది. పార్లమెంటరీ సమాధానానికి ఒక గుణం ఉంది. కలెక్టరు మాటిచ్చి మరిచిపోవచ్చు. మంత్రి తెలిసి సభకు అబద్ధం రాస్తే హక్కుల ఉల్లంఘన. సమాచారం సేకరిస్తున్నామని, పరిశీలనలో ఉందని రాస్తే అది హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చాలి. దాన్ని వెంటపడి చూడడానికి లోక్‌సభలో 1953 నుంచి హామీల కమిటీ ఉంది. హామీ అనిపించే మాటలేవో ఒక జాబితా కూడా ఉంది. అందుకే రాసేవాళ్లు ఆ మాటలు దొర్లకుండా జాగ్రత్తపడతారు. ‘రాష్ట్ర పరిధిలోనిది’ అన్నది ఆ జాగ్రత్తలో పెద్దది. దాడుల మీద అడిగితే పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి అన్న వాక్యంతోనే సమాధానం మొదలవుతది. భూమి మీద అడిగితే భూమి రాష్ట్రానిది. కారంచేడు, చుండూరు అయిన నేల మీద ఈ వాక్యం విలువేందో మనకు చెప్పాల్సిన పనిలేదు.

గంగారానికి మాత్రం ఆ వాక్యం చెల్లదు. ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద రాష్ట్రానికి ఆదేశాలిచ్చే అధికారం కేంద్రానికి ఉందని ఆ షెడ్యూల్ మూడో పేరాలోనే ఉంది. ప్రశ్నలో ఆ పేరాను పేర్కొంటే తప్పించుకునే సందు ఒకటి మూసుకుంటది. బలరాం నాయక్ 2024లో మళ్లీ మహబూబాబాద్ నుంచి గెలిచారు. జవాబులెట్లా తయారవుతయో లోపలి నుంచి చూసిన మనిషి ఇప్పుడు అడిగే బెంచీల్లో ఉన్నారు. విద్యార్థులు, సంఘాల వాళ్లు ఆయన దగ్గరికి వినతిపత్రం పట్టుకొని పోయే బదులు ప్రశ్న రాసుకొని పోవాలి. 150 మాటల లోపలే సరిపోయేటట్టు మేము ఒకటి రాసిపెట్టాం, మీరు దిద్దుకోవచ్చు.

గిరిజన వ్యవహారాల మంత్రి దయచేసి తెలియజేయగలరా: (అ) తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ హక్కుల చట్టం కింద ఇతర సంప్రదాయ అటవీ నివాసుల నుంచి అందిన దరఖాస్తులెన్ని, వాటిలో షెడ్యూల్డ్ కులాల వారివి ఎన్ని, మండలాల వారీగా, (ఆ) వాటిలో పట్టా ఇచ్చినవి, తిరస్కరించినవి ఎన్ని, తిరస్కరణ కాగితం కారణంతో సహా దరఖాస్తుదారుల చేతికి ఇచ్చారా, (ఇ) 75 ఏండ్ల నివాసానికి నిబంధనల్లో ఉన్న ఊరి పెద్దల సాక్ష్యాన్ని ఎన్నింటిలో ఒప్పుకున్నారు, (ఈ) ఈ వివరాలు మంత్రిత్వ శాఖ దగ్గర లేకపోతే, ఐదో షెడ్యూల్ మూడో పేరా కింద రాష్ట్రం నుంచి తెప్పించుకున్నారా, (ఉ) తెప్పించుకోకపోతే కారణాలేమిటి?